మేనర్ లార్డ్స్‌లో వేట: మంద తరిగిపోకుండా తోళ్ళు, మాంసం రాబట్టుకోవడం

మేనర్ లార్డ్స్ మధ్యయుగపు ఊరిని కట్టి నడిపే కంప్యూటర్ ఆట. దీన్ని కొత్తగా ఆడేవాళ్ళలో ఎక్కువమంది వేటను తిండి పద్దులో రాసుకుంటారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఈ ఆటలో ఒక కుటుంబం నెలకు సుమారు ఒక యూనిట్ తిండి తింటుంది. 20 కుటుంబాల ఊరికి ఏడాదికి 240 యూనిట్లు కావాలి. ఊరి మీద జనానికి ఉన్న అంగీకారం 50 శాతం దాటితే నెలకో కొత్త కుటుంబం వస్తుంది, 75 దాటితే రెండు వస్తాయి. అంటే తినేవాళ్ళు నెలనెలా పెరుగుతుంటారు. అడవిలో మంద మాత్రం దాని గరిష్ఠ సంఖ్య దగ్గరే ఆగిపోతుంది. పెరగని మందతో పెరిగే ఊరిని పోషించడం అయ్యే పని కాదు.

వేట ఇచ్చే అసలు సొమ్ము తోలు. మొదటి ఏడాది మార్కెట్లో బట్టల దుకాణానికి పెట్టడానికి మీ దగ్గర ఇంకేమీ ఉండదు. అవిసె సాగుకు, గొర్రెల ఉన్నికి టైం పడుతుంది. వేట తోలు మొదటి చలికాలంలోనే చేతికొస్తుంది. మాంసం వల్ల కడుపు నిండేది తక్కువే, తిండిలో రకం పెరుగుతుంది. ఇళ్ళు రెండో స్థాయికి వెళ్ళాలంటే ఒకటే రకం తిండి ఎంత పోసినా చాలదు, కాబట్టి ఆ రకానికీ విలువుంది. ఈ రెండూ మనసులో పెట్టుకుంటే వేట శిబిరాన్ని ఎక్కడ కట్టాలో, ఎంతమందిని పెట్టాలో, ఎప్పుడు ఆపాలో అన్నీ సులువుగా తేలిపోతాయి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ ఆట 2024 ఏప్రిల్ 26న ఎర్లీ యాక్సెస్‌గా (పూర్తిగా తయారవకముందే ఆడేందుకు) వచ్చింది, ఆ తర్వాతి అప్‌డేట్లలో ధరలూ దిగుబడులూ మారుతూ వచ్చాయి. అందుకే ఎవరో చెప్పిన అంకెలు బట్టీపట్టడం కంటే, మీ ఆటలో మీరే కొలుచుకునే పద్ధతి తెలిసి ఉండటం మేలు. ఆ పద్ధతి కింద ఉంది.

కట్టేముందు చూసుకోవలసినవి

మీ ప్రాంతంలోని వనరుల గుర్తుల్లో అడవి జంతువుల గుర్తు వెతకండి. దాని మీద కిరీటం ఉంటే అది రిచ్ డిపాజిట్, అంటే మామూలు కంటే పెద్ద మంద. కిరీటం లేకపోతే చిన్న మంద. ఈ ఒక్క తేడాతో మీ ప్రణాళిక సగం తేలిపోతుంది. చిన్న మంద ఉన్నచోట వేటకు ఒక్క కుటుంబాన్ని మించి ఎప్పుడూ పెట్టకండి, డెవలప్‌మెంట్ పాయింట్ (ఊరికి కొత్త నైపుణ్యాలు తెచ్చే పాయింట్) కూడా దాని మీద ఖర్చు చేయకండి. పెద్ద మంద ఉంటే తోలు వ్యాపారమే ఊరికి మొదటి ఆదాయం కావచ్చు.

ఇక మంద ఉన్న చోటును జాగ్రత్తగా చూడండి. ఊరు ఎటువైపు పెరగబోతోంది? మంద దగ్గరగా కట్టడాలు కడితే జంతువులు బెదిరి వేరే చోటికి తరలిపోతాయి. తరలివెళ్ళిన చోటు ఊరికి మరో కొస అయిందంటే వేటగాళ్ళ రోజంతా నడకకే సరిపోతుంది. కాబట్టి మొదటి ఇల్లు కట్టకముందే మంద ఉన్న అడవిని వదిలేసి, ఊరు దానికి ఎదురుదిక్కుకు పెరిగేలా మార్కెట్ స్థలం, రోడ్డు వేసుకోండి. తర్వాత సరిదిద్దాలంటే ఇళ్ళు కూలగొట్టుకోవడమే.

చెట్లు నరికే లాగింగ్ క్యాంప్‌తోనూ ఇదే జాగ్రత్త. దానికి పని పరిధి గీసిపెట్టే సౌకర్యం ఉంది. గీయకపోతే మనుషులు దగ్గర్లో కనబడిన చెట్టునల్లా కొట్టుకుంటూ పోతారు, రెండేళ్ళలో అడవి అంచు మంద దాకా వచ్చేస్తుంది. పరిధిని మందకు దూరంగా, వేరే వైపు గీయండి. ఫారెస్టర్ హట్ (చెట్లు నాటేవాళ్ళ గుడిసె) కట్టాక, కొట్టినచోటే తిరిగి మొక్కలు నాటేలా దాని పరిధిని కూడా లాగింగ్ క్యాంప్ పరిధి మీదే పెట్టండి.

శిబిరం ఎక్కడ

హంటింగ్ క్యాంప్ కట్టడానికి పెద్ద ఖర్చు లేదు. దుంగ కావాలి, దాన్ని లాక్కురావడానికి ఎద్దు కావాలి, కట్టడానికి ఏ పనికీ కేటాయించని కుటుంబం ఒకటి ఖాళీగా ఉండాలి. ఉన్న ఐదు కుటుంబాలనూ పనుల్లో పెట్టేసి, శిబిరం ఎందుకు లేవట్లేదని చూస్తూ కూర్చోవడం తొలి ఆటలో మామూలే. పనిలో ఉన్న కుటుంబం కట్టడానికి రాదు.

స్థలం విషయంలో రెండు నడకలు లెక్కలోకి వస్తాయి. ఒకటి వేటగాడిది: శిబిరం నుంచి మందకు, వేటాడి మళ్ళీ శిబిరానికి. రెండోది గ్రానరీ (తిండి నిల్వ చేసే కొట్టు) మనిషిది: గ్రానరీ నుంచి శిబిరానికి వచ్చి మాంసం మోసుకెళ్ళడం. శిబిరాన్ని మందకు మరీ ఆనించి కడితే మంద బెదురుతుంది, గ్రానరీ పక్కనే కడితే వేటగాడి నడక పెరుగుతుంది. ఊరికీ మందకూ మధ్య దారిలో, మూడింట రెండొంతులు మందవైపు జరిగి, అడవి మొదలయ్యే అంచు మీద కట్టండి. ఎక్కువ మ్యాపుల్లో ఇది కుదురుతుంది. అక్కడి నుంచి గ్రానరీకి రోడ్డు కూడా వేయండి, ఖర్చేమీ లేదు.

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక వేటగాడిని చివరిదాకా వెంబడించి చూడండి. అతను శిబిరంలోంచి బయల్దేరిన తేదీ రాసుకోండి. చెట్ల మధ్యకు వెళ్ళాక నడక నెమ్మదిస్తుంది, జంతువు కనబడే దూరంలో ఆగుతాడు, విల్లు ఎత్తుతాడు. వేటాడినదాన్ని తీసుకుని తిరుగుదారి పడతాడు. శిబిరానికి చేరిన తేదీ, ఆ వెంటనే శిబిరంలో మాంసం ఎంత పెరిగిందో, పచ్చి తోళ్ళు ఎన్ని పెరిగాయో చూడండి. ఈ ఒక్క ప్రయాణంతో మీకు మూడు అంకెలు తెలుస్తాయి: ఒక వేటకు పట్టే రోజులు, ఒక జంతువుకు వచ్చే మాంసం, ఒక జంతువుకు వచ్చే తోళ్ళు. ఏ అప్‌డేట్‌లో ఏం మారినా ఈ కొలత మీ ఆటకు సరిగ్గా సరిపోతుంది. ప్రయాణంలో సగానికి పైగా రోజులు నడకకే పోతుంటే శిబిరాన్ని మార్చండి. దుంగల ఖర్చుకు భయపడి ఏళ్ళ తరబడి నడిపించడం అసలు నష్టం.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఆట వసంతంలో మొదలవుతుంది. అప్పుడు చేతిలో ఉన్న కొద్దిమందితో ముందు దుంగలు, ఇళ్ళు, వంటచెరకు, అడవి పండ్లు చూసుకోవాలి. పండ్లు ఆకు రాలేలోపే దొరుకుతాయి, చలికాలంలో పొదలు ఎండిపోయి ఉంటాయి. వేట అలా కాదు, ఏడాది పొడుగునా సాగుతుంది. అందుకే వసంతం నుంచి శరదృతువు దాకా ఒక కుటుంబాన్ని ఫోరేజర్ హట్‌లో (అడవి పండ్లు ఏరేవాళ్ళ గుడిసెలో) ఉంచి, చలి మొదలవ్వగానే అదే కుటుంబాన్ని హంటింగ్ క్యాంప్‌కు మార్చండి. మార్చిలో మళ్ళీ వెనక్కి. ఒక్క కుటుంబంతో రెండు పనులు జరుగుతాయి. ఫోరేజర్ హట్‌లో మిగిలిపోయిన పండ్ల గురించి దిగులు అక్కర్లేదు, అక్కడి సరుకు గ్రానరీ వాళ్ళు మోసుకెళ్తారు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. మంద గరిష్ఠ సంఖ్యలో ఉన్నప్పుడు కొత్తగా పుట్టేవి ఉండవు. వేటాడకుండా వదిలేసిన ప్రతి నెలా పుట్టాల్సినవి పుట్టకుండా పోయినట్టే కదా? నిజమే. రెండో ఏడాది నుంచి ఈ మాట పట్టించుకోవాలి. మొదటి ఏడాది మాత్రం అడవిలో పుట్టకుండా పోయిన నాలుగు జింకల కంటే ఐదింటిలో ఒక కుటుంబం ఆ నెలల్లో చేసే పని విలువైంది.

పరిమితి పెట్టడం: అసలు పని ఇదే

హంటింగ్ క్యాంప్ మీద నొక్కి ప్యానెల్‌లోని ట్యాబులు తిప్పితే వేట పరిమితి కనిపిస్తుంది. మందలో ఎన్ని జంతువులు మిగిలేదాకా వేటాడాలో చెప్పే అంకె అది. మంద ఆ అంకెకు దిగగానే వేటగాళ్ళు ఆగిపోతారు, పెరిగాక మళ్ళీ బయల్దేరతారు. శిబిరం కట్టిన రోజే ఈ అంకె ఎంతుందో చూసుకోండి. ఉన్నదాన్ని అలాగే వదిలేయొద్దు.

ఎంత పెట్టాలి? గరిష్ఠ సంఖ్యలో సగం దగ్గర మొదలుపెట్టండి. మీ మంద 24 అనుకుందాం, పరిమితి 12 పెట్టండి. మంద గరిష్ఠానికి దగ్గరగా ఉంటే పెరగడానికి చోటుండదు. మరీ తక్కువలో ఉంటే పెంచడానికి జంతువులుండవు, సంతానం రావాలంటే కనీసం ఒక జంట మిగలాలి. మధ్యలో ఉంచితే రెండు వైపులా భద్రం. తర్వాత మీ మంద ఎంత వేగంగా పెరుగుతోందో ఇలా కొలవండి.

మంద సగానికి వచ్చిన రోజున పరిమితిని ప్రస్తుత సంఖ్య కంటే పైకి జరపండి. కుటుంబాన్ని తీయక్కర్లేదు, వేట దానంతటదే ఆగుతుంది. ఆ రోజు తేదీ, మంద సంఖ్య రాసుకోండి. సరిగ్గా మూడు నెలలు ఆగి మళ్ళీ సంఖ్య చూడండి. ఉదాహరణకు 12 నుంచి 14 అయితే మూడు నెలలకు 2, ఏడాదికి 8. మీ మంద నుంచి నిలకడగా తీసుకోగలిగింది అంతే. ఇందాక కొలిచిన మాంసం, తోళ్ళ అంకెలను ఈ 8తో గుణిస్తే మీ వేట వార్షిక ఆదాయం కాగితం మీద వచ్చేస్తుంది. ఆ మాంసాన్ని మీ కుటుంబాల సంఖ్యను 12తో గుణించి వచ్చిన దాని పక్కన పెట్టి చూడండి. వేటతో ఊరు బతకదని మొదట అన్నది ఎందుకో ఆ రెండంకెలే చెబుతాయి.

ఇదే లెక్కతో ఎంతమంది వేటగాళ్ళు కావాలో కూడా తేలుతుంది. ఒక వేటకు 10 రోజులు పడుతూ, ఏడాదికి తీసుకోగలిగినవి 8 అయితే, ఏడాది మొత్తం మీద ఒక మనిషికి 80 రోజుల పని. ఒక కుటుంబంలో పనిచేసేవాళ్ళు ఒకరికంటే ఎక్కువే ఉంటారు. అంటే చిన్న మందకు ఒక కుటుంబం చలికాలం పనిచేస్తే చాలు, రెండో కుటుంబం ఊరికే కూర్చుంటుంది. మాంసం తక్కువొస్తోందని ఇంకో కుటుంబాన్ని చేర్చడం చాలామంది చేసే పని. అప్పుడు మంద త్వరగా పరిమితికి దిగుతుంది తప్ప ఏడాది దిగుబడి ఒక్క యూనిట్ కూడా పెరగదు.

కొత్త జనం వచ్చి తిండి సంక్షోభం ఏర్పడినప్పుడు పరిమితిని తగ్గించాలన్న ఆశ కలుగుతుంది. ఒక్కసారి, ఒక్క చలికాలానికి, 12 నుంచి 8కి దించితే నాలుగు జంతువుల మాంసం అదనంగా వస్తుంది, తర్వాతి ఏడాది ఆ లోటు పూడ్చుకోవచ్చు. 2కు దించితే మాత్రం రెండు మూడేళ్ళపాటు తోలు మర్చిపోవాలి. దించినప్పుడు తిరిగి ఎప్పుడు పెంచాలో అప్పుడే రాసుకోండి, తర్వాత గుర్తుండదు.

అన్నట్టు, ఇది ఆట కోసం అల్లిన నియమం కాదు. ఆ కాలపు ఐరోపాలో అడవి జంతువు ఎవరిది, ఎవరు వేటాడాలి అన్నది చట్టం దాకా వెళ్ళిన విషయం. ఇంగ్లండ్‌లో 1217లో వెలువడిన అటవీ శాసనం, రాజుగారి జింకను చంపినందుకు ఇకమీదట ఎవరి ప్రాణమూ అవయవమూ తీయరాదని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. ఈ ఆట జరిగేది 14వ శతాబ్దం చివరి ఫ్రాంకోనియాలో (ఇప్పటి జర్మనీలోని ప్రాంతం). అక్కడ కూడా వేట ప్రభువు చేతిలోని హక్కు. ఆ ప్రభువు పాత్రలో ఉన్నది మీరే కాబట్టి మంద బాధ్యత కూడా మీదే.

మాంసం ఇంటికి చేరే దారి

వేట బాగానే సాగుతూ ఊళ్ళో మాంసం కనబడకపోతే తప్పు అడవిలో లేదు, గ్రానరీలో ఉంది. ముందుగా గ్రానరీకి కుటుంబాన్ని కేటాయించారో లేదో చూడండి. కట్టడం పూర్తవగానే అది పనిచేస్తుందనుకోవడం అందరూ చేసే పొరపాటే. మనిషి లేని గ్రానరీ ఉత్త గోడలు. మాంసం శిబిరంలోనే పేరుకుపోతుంది, శిబిరం నిండితే వేట కూడా ఆగిపోతుంది. మంద సంఖ్య పరిమితి కంటే పైనే ఉన్నా వేటగాళ్ళు కదలకపోతే మొదట ఈ నిల్వే చూడండి.

కుటుంబం ఉన్నా సరుకు రాకపోతే గ్రానరీ ఏయే సరుకులు తీసుకోవాలో చెప్పే జాబితా తెరిచి మాంసం దగ్గర గుర్తు ఉందో లేదో చూడండి. అన్నీ సరిగ్గానే ఉంటే ఇక దూరమే కారణం. ఒకే కుటుంబం గోధుమ పిండి, రొట్టె, పండ్లు, గుడ్లు అన్నీ మోస్తూ, మార్కెట్లో తిండి దుకాణం కూడా నడుపుతుంటే అడవి అంచున ఉన్న శిబిరానికి వాళ్ళ వంతు ఆలస్యంగా వస్తుంది. రెండో కుటుంబాన్ని చేర్చండి. అదీ చాలకపోతే శిబిరానికి, పండ్ల పొదలకు మధ్యలో చిన్న గ్రానరీ ఇంకోటి కట్టి, దాని జాబితాలో మాంసం, పండ్లు మాత్రమే ఉంచండి. పాత గ్రానరీ జాబితాలోంచి ఆ రెండింటినీ తీయొద్దు, దుకాణాలకు సరుకు అక్కడి నుంచే వెళ్తుంటుంది.

మార్కెట్‌కు దగ్గరగా ఉన్న ఇళ్ళకే ముందు అందుతుంది. మాంసం కొద్దిగా ఉన్నప్పుడు చివరి వీధిలోని ఇళ్ళకు ఎప్పటికీ చేరదు. ఏ ఇళ్ళను రెండో స్థాయికి తీసుకెళ్ళాలనుకుంటున్నారో ఆ ఇళ్ళను మార్కెట్ పక్కన కట్టుకోవడమే దీనికి మందు.

పచ్చి తోలు నుంచి మార్కెట్ దాకా

తోలు దారి ఇంకాస్త పొడవు. శిబిరంలో పచ్చి తోళ్ళు వస్తాయి. ట్యానరీలో వాటిని ఊని తోలు చేస్తారు. తోలు స్టోర్‌హౌస్‌కు (తిండి కాని సరుకుల గోదాముకు) వెళ్ళి, స్టోర్‌హౌస్ కుటుంబం నడిపే బట్టల దుకాణం ద్వారా ఇళ్ళకు చేరుతుంది. మన దగ్గర తంగేడు చెక్కతో తోళ్ళు ఊనినట్టు ఆ కాలపు ఐరోపాలో ఓక్ బెరడు వాడేవారు. ఆటలో ఆ అవసరం లేదు, పచ్చి తోలు, మనిషి ఉంటే చాలు.

ట్యానరీని స్టోర్‌హౌస్‌కు ఎదురుగా కట్టండి, అడవి దగ్గర కాదు. ఊనిన తోలు చివరికి వెళ్ళాల్సింది ఊళ్ళోకే. ఒక్క కుటుంబం చాలు, అదీ ఏడాది పొడుగునా అక్కర్లేదు. పచ్చి తోళ్ళు ఒక పది పోగయ్యాక కుటుంబాన్ని ట్యానరీలో పెట్టి, అయిపోగానే తీసి వేరే పనికి పంపండి. తోళ్ళు లేకుండా ట్యానరీలో కూర్చున్న కుటుంబం ఎద్దును నడిపించదు, ఇల్లు కట్టదు.

ట్యానరీలో "ముడిసరుకు లేదు" అన్న గుర్తు కనబడితే వెనక్కి నడుస్తూ వెతకండి. శిబిరంలో తోళ్ళున్నాయా? ఉంటే మోసేవాళ్ళు లేరు. లేవా? మంద పరిమితిలో ఉందేమో చూడండి. రెండూ సరిగ్గా ఉన్నాయా? అయితే ట్రేడింగ్ పోస్ట్ చూడండి. పచ్చి తోళ్ళను ఎగుమతికి పెట్టి మర్చిపోయి ఉంటారు. ట్రేడింగ్ పోస్ట్‌లో ప్రతి సరుకుకూ ఎంత మిగుల్చుకోవాలో ఒక అంకె పెట్టే వీలుంది. దాన్ని సున్నా దగ్గర వదిలేస్తే ఊరికి కావలసిన తోళ్ళు కూడా బండెక్కి వెళ్ళిపోతాయి, ఆ చలికాలం బట్టల దుకాణం ఖాళీగా ఉంటుంది, అంగీకారం పడిపోతుంది, కొత్త కుటుంబాలు రావడం ఆగుతుంది. ఏడాదికి ట్యానరీ వాడుకునేన్ని తోళ్ళు మిగులు అంకెగా పెట్టి, ఆపైవే అమ్మండి.

ఇంకా మంచిది, పచ్చి తోళ్ళను అమ్మనే అమ్మకండి. ఇళ్ళు రెండో స్థాయికి చేరాక ఒక పెరట్లో చెప్పులు కుట్టే పనివాడిని పెట్టొచ్చు. తోలు చెప్పులయ్యాక విలువ పెరుగుతుంది. అయితే ఆ ఇంటి కుటుంబం ఇక ఆ పనికే అంకితమవుతుంది, వేరే పనికి పంపడం కుదరదు. ఏడాదికి ఎనిమిది జంతువుల తోలుతో ఒక పనివాడికి చేతినిండా పని ఉండకపోవచ్చు. పెద్ద మంద ఉంటేనో, పెరటి మేకలు తోడైతేనో ఆ అడుగు వేయండి.

పెరటి మేకల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బర్గేజ్ ప్లాట్ (కుటుంబం ఉండే ఇల్లు, పెరడు ఉన్న స్థలం) వెనుక గోట్ షెడ్ పెట్టిస్తే మేకల నుంచి పచ్చి తోళ్ళు వస్తాయి. అడవితో సంబంధం లేదు, పరిమితి అక్కర్లేదు, మంద బెదిరే భయం లేదు. రీజనల్ వెల్త్ (ప్రాంతపు ఉమ్మడి సొమ్ము) మొదట్లో దొరికిందంతా కూరగాయల తోటల మీద పెట్టేయకుండా రెండు ఇళ్ళకైనా మేకలు పెట్టించండి. మంద చిన్నదిగా ఉన్న ప్రాంతంలో నిలకడైన తోలు వీటి నుంచే వస్తుంది.

డెవలప్‌మెంట్ పాయింట్లు పెట్టాలా

ఈ పాయింట్లతో తీసుకునే నైపుణ్యాల చెట్టులో వేట కొమ్మ మీద రెండు ముఖ్యమైనవి ఉన్నాయి. ట్రాపింగ్ తీసుకుంటే వేటగాళ్ళు చిన్న జంతువులకు ఉచ్చులు పెడతారు, పెద్ద మందతో పనిలేకుండా మాంసం కొద్దికొద్దిగా వస్తూ ఉంటుంది. అడ్వాన్స్‌డ్ స్కిన్నింగ్ తీసుకుంటే వేటాడిన జంతువు నుంచి వచ్చే తోళ్ళు రెట్టింపవుతాయి. పాయింట్లు తక్కువ, ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోలేరు, అన్నీ తీసుకోవడం కుదరదు.

కిరీటం గుర్తున్న మంద, పక్కన సారం లేని నేల ఉంటే ఈ కొమ్మ తీసుకోండి. రెట్టింపు తోళ్ళంటే మందను ముట్టుకోకుండానే ఇంకో మంద దొరికినట్టు. నేల పచ్చగా, గోధుమకు అనుకూలంగా ఉంటే పాయింట్లు సేద్యానికే పెట్టండి, వేటను చలికాలపు పనిగా ఉంచండి. ట్రాపింగ్ ఒక్కటే తీసుకుని ఆపేయడం మాత్రం నష్టం. ఉచ్చుల మాంసం పెద్ద ఊరికి లెక్కలోకే రాదు. ట్రాపింగ్ ఉన్నప్పుడు మంద పరిమితికి దిగినా శిబిరంలో మనుషుల్ని ఉంచడంలో అర్థముంది, లేనప్పుడు లేదు. చలికాలపు మార్పిడి చేసేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

రెండో ప్రాంతం చేతికొచ్చాక మొదటి ఊరి మందను పిండాల్సిన అవసరం ఇంకా తగ్గుతుంది. ఒకచోట పెద్ద మంద, ఇంకోచోట మంచి నేల ఉంటే ప్యాక్ స్టేషన్ (మీ ప్రాంతాల మధ్య సరుకులు మార్చుకునే చోటు) ద్వారా తోలు ఇచ్చి ధాన్యం తెచ్చుకోవచ్చు. ప్రతి ప్రాంతంలోనూ అన్నీ పండించాలని చూడకండి.

బానిష్డ్ ఆడేవాళ్ళకు

2014లో వచ్చిన, ఇలాగే ఊరు కట్టే ఆట బానిష్డ్‌ను ఇప్పటికీ ఆడేవాళ్ళున్నారు, చిన్న కంప్యూటర్ మీద కూడా బాగా నడుస్తుంది కాబట్టి. అందులో వేట నడిచే తీరు వేరు. మంద ఒకచోట ఉండదు, జింకలు మ్యాప్ అంతా తిరుగుతుంటాయి, హంటింగ్ క్యాబిన్ చుట్టూ ఉన్న వలయంలోకి వచ్చినవాటినే వేటాడతారు. పరిమితి పెట్టాల్సింది జంతువుల మీద కాదు, కాపాడాల్సింది ఖాళీ స్థలాన్ని. వలయంలో ఇళ్ళు, పొలాలు, రద్దీ దారులు పెరిగేకొద్దీ జింకలు తిరిగే చోటు తగ్గి దిగుబడి పడిపోతుంది. ఫారెస్టర్, గ్యాదరర్ కట్టడాలను అదే వలయంలో పెట్టుకోవచ్చు, చెట్లు జింకలకు అడ్డం కావు. రెండు హంటింగ్ క్యాబిన్ల వలయాలు మాత్రం ఒకదాని మీద ఒకటి పడకూడదు, అవే జింకలను ఇద్దరూ పంచుకోవాల్సి వస్తుంది.

ఒక్కో క్యాబిన్‌లో ముగ్గురిదాకా పెట్టొచ్చు, ఇద్దరితో మొదలుపెట్టి ఏడాది చివర క్యాబిన్ చూపించే దిగుబడి చూసి మూడోవాడి సంగతి తేల్చుకోండి. ఈ ఆటలో ఒక మనిషి ఏడాదికి సుమారు 100 యూనిట్లు తింటాడు, కాబట్టి మూడోవాడిని చేర్చినందుకు ఏడాదికి 100 కంటే బాగా ఎక్కువ పెరగకపోతే అతను తన తిండి తనే తెచ్చుకుంటున్నట్టు. వాళ్ళు ఉండే ఇల్లు, సరుకు దించే బార్న్ (గోదాము) క్యాబిన్ పక్కనే ఉండాలి. బార్న్ 6000 యూనిట్లు పడుతుంది. అది నిండితే వేటగాళ్ళు తర్వాతి బార్న్‌దాకా నడుస్తారు.

ఇక ఈ ఆటలో అందరినీ తికమకపెట్టేది ఒకటుంది. ఊరి మొత్తం తిండికి మీరు పెట్టిన పరిమితి నిండగానే వేటగాళ్ళు పని ఆపేస్తారు. తిండి పుష్కలంగా ఉంది, ఎవరూ ఆకలితో లేరు, అయినా దర్జీకి తోలు అందట్లేదు, జనం చలికి వణుకుతున్నారు. జింకలు తగ్గాయేమో అని మ్యాప్ వెతకడం దండగ. తిండి పరిమితిని ప్రస్తుత నిల్వ కంటే రెండు మూడు వేలు పైకి జరిపితే ఆ సీజన్‌లోనే తోళ్ళు మళ్ళీ వస్తాయి.